అప్‌డేట్ నొక్కిన వేలు

సుబేదారిలో ఒక దుకాణంలో ఇరవై ఆరేళ్లు చెవి మిషన్లు అమర్చాను. వినికిడి తగ్గినవాళ్లను గాజు గదిలో కూర్చోబెట్టడం, ఎంత మిగిలిందో కొలవడం, దానికి తగ్గట్టు మిషన్‌ను సరిచేసి చెవిలో పెట్టి పంపడం నా పని. నేను డాక్టర్ని కాను. డాక్టరు బట్ట ఇస్తే కొలిచి కుట్టిపెట్టే టైలర్ని, అంతే.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఏదైనా చెప్పండి" అంటారు. తల్లి గొంతు మొదటిసారి విని కళ్లు పెద్దవి చేసిన పసిబిడ్డ గురించి చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి నాకూ ఉన్నాయి. కానీ వాటిని కంపెనీ పోస్టర్లు నాకంటే బాగా చెబుతాయి. నాకు నిద్రలో కూడా గుర్తొచ్చే కేసు వేరు. అందులో తప్పు చేసింది నా కుడిచేతి చూపుడు వేలు.

మొదట పాత సంగతి కొంచెం చెప్పాలి. నేను చేరిన రోజుల్లో చెవి మిషన్ అంటే చొక్కా జేబులో పెట్టుకునే చిన్న డబ్బా. దానికో తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిరడా. డబ్బా పక్కన గింజంత స్క్రూ ఒకటి ఉండేది. దాన్ని ఇటు తిప్పితే బొంగురు చప్పుళ్లు పెరుగుతాయి, అటు తిప్పితే సన్నని చప్పుళ్లు పెరుగుతాయి. మేం ఒకసారి తిప్పి పంపేవాళ్లం. ఇంటికెళ్లాక ఎవరికి వాళ్లు మళ్లీ తిప్పుకునేవాళ్లు. "మీరెందుకు తిప్పారు?" అని నేను కోప్పడేదాన్ని కూడా. మిషన్ వాళ్లది, చెవి వాళ్లది, కోపం మాత్రం నాది.

తర్వాత డిజిటల్ మిషన్లు వచ్చాయి. చిక్కుడు గింజంత ఉంటాయి. స్క్రూ లేదు. ల్యాప్‌టాప్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్, దానికి మా లాగిన్, కొన్నవాళ్ల ఫోన్లో ఒక యాప్. మాటలు ఎంత చక్కగా వినపడతాయంటే, పాత డబ్బాలు అమ్మినందుకు నాకు సిగ్గేసింది. యాప్ పెట్టేటప్పుడు షరతులు వస్తాయి, తెర మీద తెర, చదివితే ఒక పూట పడుతుంది. కింద "ఒప్పుకుంటున్నాను" అని ఉంటుంది. ఆ ముసలివాళ్లకు ఇంగ్లీషు రాదు, నాకు తీరిక లేదు. అందరి తరఫునా నేనే ఒప్పుకునేదాన్ని. అన్నేళ్లలో నా వేలు ఎంతమంది తరఫున ఒప్పుకుందో నాకే తెలియదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఆయన కొత్తవాడలో సాంచెల మేస్త్రీ. మావైపు మరమగ్గాన్ని సాంచె అంటారు. ఇంటి వెనక షెడ్డులో ఆయనవి నాలుగు సాంచెలు ఉండేవి. చుట్టుపక్కల వాళ్ల సాంచెలు చెడిపోయినా ఆయనే బాగుచేసేవాడు. చిన్నప్పటి నుంచి ఆ మోతలో ఉండి అరవై దాటేసరికి చెవులు బాగా పోయాయి. చాలా ఏళ్లు మా దుకాణం డబ్బా మిషనే వాడాడు. దాని తీగ తెగిపోయాక పిల్లలు తలా కొంత వేసుకుని కొత్త డిజిటల్ మిషన్ కొనిచ్చారు. పాతదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇగ దీన్ని పారెయ్యి అన్నా, పనికిరాదు" అన్నాను. ఆయన నన్ను చెల్లె అని పిలిచేవాడు. నేను అన్నా అనేదాన్ని.

వారం తిరక్కముందే వచ్చాడు.

"మనుషుల మాట మంచిగ ఇనవడ్తాంది చెల్లె. మనుమరాలు గుసగుస పెట్టినా ఇనవడ్తాంది. గని సాంచె ఇనవడ్తలేదు."

"ఇనవడ్తలేదంటె?"

"షెడ్డుల అడుగువెట్టంగనె మిషన్ నోరు మూసుకుంటాంది."

నేను నవ్వాను. "అది మంచిదే గదనే! మోతను అదే తగ్గిస్తది. గందుకే గంత మంచి మిషన్."

ఆయన నవ్వలేదు. "నీకు మోత చెల్లె. నాకు గది మాట" అన్నాడు.

నేను ఆయన చెప్పింది విన్నాను కానీ పట్టించుకోలేదు. ఆ మిషన్‌కు ఆగకుండా వచ్చే ఏ పెద్ద చప్పుడైనా చెత్తే. ఫ్యానైనా, బస్సైనా, సాంచె అయినా ఒకటే. దాన్ని అణిచేసి మనిషి గొంతును మాత్రం పైకి తెస్తుంది. ఎంత అణచాలో నిర్ణయించే మీట మా సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. ఆయన కొన్న రకంలో మాత్రం దాని పక్కన చిన్న తాళం బొమ్మ ఉండేది. ఎంత నొక్కినా కదలదు. మా మేనేజర్‌ను అడిగాను. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడు. "మేడం, అది మన చేతుల లేదు. పైనుంచే లాక్ చేసిండ్రు. మోత ఎక్కువైతె ఉన్న చెవి కూడ పోతదని వాళ్ల భయం" అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే నేను గట్టిగా అడగలేదు.

మేస్త్రీకి మేం అందరికీ చెప్పే మాటే చెప్పాను. "జర ఓపిక పట్టు అన్నా. కొత్త గదా, అలవాటైతది." ఇది మా వృత్తిలో గాయత్రి మంత్రం లాంటిది. పదిమందిలో తొమ్మిదిమందికి నిజంగానే అలవాటవుతుంది. పదోవాడు మళ్లీ రావడం మానేస్తాడు, అతనికీ అలవాటైందని మేం అనుకుంటాం.

ఆయన మానలేదు. రెండోసారి వచ్చాడు. మూడోసారి వచ్చి, "నువ్వు గీ అద్దాల అర్రల కూసోని ఎట్ల చెప్తవ్? ఒక్కసారి షెడ్డుకు రా. రాకుంటె నా చెల్లెవే కాదు" అన్నాడు. అంతమంది చెవులు సరిచేశాను కానీ, ఆ చెవులు పనిచేసే చోటికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ మాట మనసులో గుచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కొత్తవాడ వెళ్లాను.

షెడ్డులో మోత చెవికి కాదు, గుండెకు తగిలింది. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు. ఆయన భార్య ఒక మూల పీట మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నన్ను చూసి రెండు వేళ్లు పెదవులకు తాకించి గ్లాసు పట్టినట్టు చూపింది. చాయ్ తాగుతావా అని. వద్దని నేను తల ఊపాను. అప్పటికే ఆమె లేచింది.

మేస్త్రీ నన్ను బయటికి తీసుకొచ్చి చెప్పాడు. సాంచెలో పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క నాడె ఉంటుంది. దాని రెండు కొసలకూ ఇనుప మొనలు. దాన్ని కొట్టే కర్రకు తోలు పట్టె ఉంటుంది. పట్టె అరిగితే దెబ్బ వంకర పడుతుంది, నాడె దారి తప్పి బయటికి ఎగురుతుంది. అయితే ఎగరడానికి చాలాసేపు ముందే చప్పుడు మారుతుంది.

"టక్ టక్ అనేది జర టప్ అంటది. గంతె తేడా. గది ఇని నేను పోయి సాంచె బంద్ చేస్త. నా పనంత గదె చెల్లె."

"ఇప్పుడెట్ల చేస్తానవ్ మరి?"

"చెయ్యి పెట్టి చూస్తాన. గని చెయ్యి పెట్టాలంటె దగ్గరికి పోవాలె. నాలుగు సాంచెలకు నాకున్నయ్ రెండె చేతులు. చెవైతె కూసున్నకాడికే చెప్తది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత ఉంది. మా దుకాణంలో ఎవరి మనసూ నొప్పించకూడదని ఆ సామెతను మేం నోట అనం. మూడుసార్లు మా ముందు శంఖం ఊదింది ఆయన. చెవిటివాళ్లం మేం.

ల్యాప్‌టాప్ తెరిచాను. అంతకుముందు నెల హైదరాబాద్ నుంచి ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చిన పెద్ద ఉద్యోగి తన లాగిన్‌ను అందులోనే వదిలేసి పోయాడు. అది నాకు తెలుసు. తెలిసి కూడా అన్ని రోజులు ముట్టుకోలేదు. ఆ రోజు ముట్టుకున్నాను. తాళం బొమ్మ మాయమైంది. మీట కదిలింది.

ఆయన షెడ్డు నడుమ నిలబడి చేత్తో చెబుతుంటే నేను గడప దగ్గర కూర్చుని మీటను జరిపాను. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు. కొంచెం వెనక్కి. ఇరవై ఆరేళ్లలో ఏ మిషన్‌నూ అలా సరిచేయలేదు. డిజిటల్ వచ్చాక ఎప్పుడూ కంప్యూటర్ గీసిన గీత చెప్పినట్టు నేను చేసేదాన్ని, ఎదుటి మనిషి తల ఊపేవాడు. ఆ రోజు నేను తల ఊపాను. ఉన్నట్టుండి ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. ముఖమంతా నవ్వు. మూల నుంచి భార్య కూడా నవ్వుతూ మా ఇద్దరినీ చూసింది. ఆయన నేరుగా మూడో సాంచె దగ్గరికి వెళ్లి బంద్ చేసి, తోలు పట్టె విప్పి తెచ్చి నా ముందు పట్టాడు. ఒక అంచు కాగితమంత పలచగా ఉంది.

"ఇయ్యాల రేపు తెగుతుండె" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ సంతోషంలో ఇల్లు అలకగానే పండుగ కాదన్న సంగతి మరిచాను. చేసింది దొంగపని కాబట్టి ఆయన కార్డులో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. మేనేజర్‌కు చెప్పలేదు. మేస్త్రీకి కూడా, "ఇది ఎప్పుడైనా పోవచ్చు, జాగ్రత్త" అని చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే నా దొంగతనం బయటపడుతుంది. ఉద్యోగ విరమణ దగ్గరికొచ్చిన మనిషికి మర్యాద పోతుందని ఎంత భయముంటుందో, పిల్లలూ, మీకు ఇప్పుడే తెలియదు.

రెండు నెలలకు ఆయన మామూలు సర్వీసుకు వచ్చాడు. ఆ రోజు దుకాణం కిటకిటలాడుతోంది. ఏదో శిబిరంలో పరీక్ష చేయించుకున్న వాళ్లంతా ఒకేసారి వచ్చిపడ్డారు. మేస్త్రీ మిషన్‌కు గులిమి తీశాను, ల్యాప్‌టాప్‌కు కలిపాను. కొత్త వెర్షన్ ఉంది, అప్‌డేట్ చేయమని తెర మీద వచ్చింది. అది చేయకపోతే తర్వాతి తెర రాదు. నొక్కాను. పొద్దున్నుంచి పదిమందికి నొక్కిన వేలే. కాసేపటికి కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. మిషన్ ఇప్పుడు కంపెనీ సూచించిన సెట్టింగులకు తిరిగి వచ్చింది అని దాని అర్థం. నేను దాన్ని చదవలేదు. సరే అని నొక్కాను. తర్వాత, చదవాల్సివచ్చినప్పుడు చదివాను.

"ఎట్లున్నదే అన్నా?" అని గాజు గదిలో అడిగాను.

"మంచిగున్నది చెల్లె."

గాజు గదిలో తేడా ఎట్లా తెలుస్తుంది? అక్కడ సాంచెలు లేవు కదా.

ఆ తర్వాత జరిగింది ఆయన చెబితేనే తెలిసింది. షెడ్డులోకి పోగానే చప్పుడు మెత్తబడినట్టు అనిపించిందట. ఇప్పుడే కడిగి పెట్టారు కదా, కాసేపు ఆగితే అదే సర్దుకుంటుందని అనుకున్నాడట. కొత్తలో ఓపిక పట్టాలని చెప్పింది నేనే. ఆ మాట నమ్మి ఓపిక పట్టాడు. పొద్దు వాలకముందే రెండో సాంచె నుంచి నాడె ఎగిరింది. మూలన పీట మీద కండెలు చుడుతున్న ఆయన భార్య ఎడమ కంట్లో దాని మొన దిగింది.

దవాఖానలో ప్రాణానికి భయం లేదన్నారు. ఆ కంటికి చూపు రాదన్నారు.

మూడో రోజు ఆయన దుకాణానికి వచ్చాడు. కూర్చోలేదు. మిషన్ తీసి బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పి, ఒక్కటే అడిగాడు. "చెల్లె, దీన్ల ఏమన్న మార్చినవా?"

ల్యాప్‌టాప్‌కు కలిపి చూశాను. మీట మొదటి చోటికి పోయి ఉంది. పక్కన తాళం బొమ్మ. ట్రైనింగ్ ఆయన లాగిన్ కూడా పనిచేయడం లేదు. అబద్ధం ఆడాలన్న ఆలోచన రాలేదని చెబితే అదే అబద్ధం అవుతుంది. వచ్చింది. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు, మిషన్ లేదు కాబట్టి. వాటితో అబద్ధం చెప్పలేకపోయాను.

"మార్చిన అన్నా. నాకు తెల్వకుంటనే మార్చిన."

"నన్నొక్కమాట అడగాలె గద."

"నన్ను కూడ ఎవ్వలు అడగలే అన్నా."

ఆయన ఆ చిక్కుడు గింజను వేలితో నావైపు జరిపాడు. "ఇది మీదె చెల్లె. నాదైతె నేను పెట్టినట్టు ఉంటుండె" అని, బల్ల మీదే వదిలి మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను వెనకనుంచి పిలిచాను. వినపడదు కదా.

మేనేజర్‌కు అంతా చెప్పేశాను. అతను తల పట్టుకున్నాడు. పైనుంచి వారంలో మెమో వచ్చింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ పాపంలో మాత్రం కంపెనీ తన పిడికెడు పట్టుకోలేదు. వాళ్ల లెక్కలో అప్‌డేట్ తన పని తాను సరిగ్గా చేసింది, మిషన్‌ను భద్రమైన చోటికి తెచ్చింది. తప్పల్లా నేను ఇతరుల లాగిన్‌తో తాళం తీయడమే. ఎందుకు తీశావో వివరణ ఇమ్మన్నారు. ఇచ్చాను. తీసినందుకు చింతిస్తున్నానని రాశాను. నా సర్వీసులో రాతపూర్వకంగా ఆడిన పెద్ద అబద్ధం అది. తీసినందుకు నాకు చింత లేదు. మళ్లీ మూసినందుకు, మూసిన సంగతి చదవకుండా సరే అన్నందుకు ఉంది, ఇప్పటికీ. మెమోలో ఆ ప్రశ్న లేదు. లేని ప్రశ్నకు జవాబు రాసే ధైర్యం నాకూ లేకపోయింది.

మేస్త్రీ భార్యను చూడడానికి పదిరోజులకు గానీ వెళ్లలేదు. కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ దినం నువ్వు గడపల కూసోని చేసినప్పుడు ఆయన నవ్విండు సూడు, మళ్ల గట్ల చెయ్యరాదా?" అంది.

"ఇప్పుడు నాతోని కాదు వదినా. ఆ దారి మూసేసిండ్రు."

"మీ దుకాణంల కొన్నదే గద?"

"మా దుకాణంలనే."

"పైసలన్ని కట్టినంక కూడ?"

ఆమె మంచం కింద కండెల గంపను కాలితో ముందుకు జరిపి, అడుగు నుంచి గుడ్డ మూట తీసి నా ఒడిలో పెట్టింది. పాత డబ్బా మిషన్. "నువ్వు పారెయ్యమన్నవట. నాకు మనసొప్పలే" అంది.

దాన్ని తీసుకుని మట్టెవాడలో రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నాలుగు మరలు విప్పి, భూతద్దంలో చూసి, కొత్త తీగ అతికించాడు. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. "దీనికి పాస్వర్డ్ గీస్వర్డ్ ఏం లేదు గదమ్మా?" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పిల్లలూ, తాళాలు పగలగొట్టమని నేను మీకు చెప్పడం లేదు. మోత చెవికి చెడ్డదే, కంపెనీ భయం నిజమే. మేస్త్రీకీ ఆ సంగతి తెలుసు, నాకంటే ఎక్కువ తెలుసు. అయినా ఆయన చెవితో ఏం చేసుకోవాలో ఆయన చెప్పాలి. ఆయన ఒంటి మీదున్న వస్తువును మార్చేముందు ఆయనను అడగాలి. మీరు నాకంటే మంచి మిషన్లు పెడతారు. తెర మీద వచ్చే చిన్న అక్షరాలు చదివి, ఎదుట కూర్చున్న మనిషికి తెలుగులో చెప్పి, ఆ తర్వాత నొక్కండి. లేదంటే వాళ్లనే నొక్కనివ్వండి. దానివల్ల వరస పెరుగుతుంది, మేనేజర్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఆ డబ్బాను ఇవ్వడానికి మరోసారి షెడ్డుకు వెళ్లాను. ఆమె తన మూలకు తిరిగొచ్చింది. పీట గోడ వైపుకు జరిగింది, ముందు ఒక చెక్క పలక అడ్డం పెట్టారు. మేస్త్రీ డబ్బాను జేబులో పెట్టుకుని బిరడా చెవిలో దూర్చుకున్నాడు. నేను అలవాటు కొద్దీ నా సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి ముందుకు వంగాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. స్క్రూడ్రైవర్‌ను నా చేతిలోంచి తీసుకుని ఆయనకు ఇచ్చింది.

నాలుగు సాంచెలూ నడుస్తున్నాయి. ఆయన కళ్లు మూసుకుని, జేబు దగ్గర తడుముకుంటూ స్క్రూను సగం చుట్టు తిప్పుకున్నాడు. ఆగాడు. విన్నాడు. మళ్లీ కొంచెం వెనక్కి తిప్పుకున్నాడు. మా ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.